కంచే చేను మేస్తే: కణంలోని శుద్ధి వ్యవస్థ, గర్భాశయ ముఖ క్యాన్సరు

క్యాన్సరు అనగానే చాలామందికి స్ఫురించేది పెరుగుదల. కణాలు అదుపు తప్పి పెరగడమే క్యాన్సరు అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ మాట సత్యమే. అయితే కణం బ్రతకడానికి నిర్మాణం ఎంత అవసరమో, విధ్వంసం కూడా అంతే అవసరమని, ఆ విధ్వంసం దారి తప్పినా క్యాన్సరు పుడుతుందని వైద్యశాస్త్రం గత కొన్ని దశాబ్దాలలో తెలుసుకున్నది. ఈ వ్యాసంలో రెండు పనులు చేయదలిచాను. మొదటిది, కణంలో ప్రోటీన్లను తొలగించే ‘యుబిక్విటిన్’ వ్యవస్థను సాధ్యమైనంత తేలిక మాటలలో వివరించడం. రెండవది, ఆ జ్ఞానం ఆధారంగా మన ఆడపిల్లలకు ఇవ్వవలసిన హెచ్.పి.వి. టీకా గురించి నా అభిప్రాయాన్ని నిర్మొహమాటంగా చెప్పడం. మొదటి భాగం కొంచెం కఠినంగా అనిపించవచ్చు. పాఠక మిత్రులు ఓపికగా చదవాలని మనవి. అది తెలియనిదే రెండవ భాగం కేవలం ఉపదేశంగా మిగిలిపోతుంది.

కణంలో తొలగింపు ఎలా జరుగుతుంది?

మన శరీరంలోని ప్రతి కణంలోనూ వేలాది రకాల ప్రోటీన్లు ఉంటాయి. కొన్ని రోజుల తరబడి నిలుస్తాయి, కొన్ని నిమిషాలలోనే అంతరిస్తాయి. కణం విభజన చెందమని చెప్పే ప్రోటీను పని పూర్తి కాగానే తప్పుకోవాలి. వంకరగా తయారైన ప్రోటీను పేరుకుపోక ముందే పోవాలి. ఏది పోవాలో, ఏది ఉండాలో నిర్ణయించేది ఎవరు?

అడవిలో కొట్టవలసిన చెట్టుకు అటవీశాఖ వారు ముందుగా సుత్తితో ముద్ర వేస్తారు. ముద్ర ఉన్న చెట్టునే గొడ్డలి తాకాలి. కణంలో ఆ ముద్ర పేరు యుబిక్విటిన్. ఇది 76 అమైనో ఆమ్లాలు గల చిన్న ప్రోటీను. దాదాపు అన్ని కణాలలోనూ కనిపిస్తుంది కనుక, ‘అంతటా’ అనే అర్థం గల లాటిన్ మాట నుంచి దానికి ఆ పేరు పెట్టారు. తొలగించవలసిన ప్రోటీనుకు యుబిక్విటిన్లు ఒకదానికొకటి గొలుసుగా తగులుకుంటాయి. ఆ గొలుసు ఉన్న ప్రోటీనును ‘ప్రోటియాసోం’ అనే పీపా ఆకారపు యంత్రం లోపలికి లాక్కొని ముక్కలు చేస్తుంది. యుబిక్విటిన్ మాత్రం నశించదు. ఊడివచ్చి మళ్లీ పనికి సిద్ధమవుతుంది. ముక్కలైన ప్రోటీనులోని అమైనో ఆమ్లాలు కొత్త ప్రోటీన్ల తయారీకి పనికి వస్తాయి.

ముద్ర వేసే పని మూడు అంచెలలో జరుగుతుంది. ఇ1 అనే ఎంజైము యుబిక్విటిన్‌ను ఉత్తేజపరుస్తుంది, ఇ2 దానిని మోసుకుపోతుంది, ఇ3 దానిని సరైన ప్రోటీనుకు అంటిస్తుంది. మానవ కణాలలో ఇ1లు రెండే, ఇ2లు సుమారు 40, ఇ3లు 600కు పైగా ఉన్నాయి. ఈ అంకెలలోనే మర్మం ఉంది. ఏ ప్రోటీను పోవాలో గుర్తుపట్టే బాధ్యత ఇ3లది. అందుకే అవి అన్ని వందల రకాలు. ఇ3 పొరపడితే ఉండవలసినది పోతుంది, పోవలసినది ఉండిపోతుంది.

ఈ వ్యవస్థను 1970ల చివర, 1980ల ఆరంభంలో వెలికితీసినవారు ఇజ్రాయెల్‌కు చెందిన ఆరన్ సీఖనోవర్, అవ్రామ్ హెర్ష్కో, అమెరికాకు చెందిన ఇర్విన్ రోజ్. కుందేలు రక్తంలోని అపరిపక్వ ఎర్రకణాల సారంతో వారు పరిశోధన సాగించారు. వారు వెతికినది క్యాన్సరు మందు కాదు. శక్తిని ఖర్చు పెట్టి మరీ కణం తన ప్రోటీన్లను తానే ఎందుకు నాశనం చేసుకుంటుందన్న చిన్న సందేహమే వారిని నడిపించింది. 2004లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఆ ముగ్గురికీ లభించింది.

కావలివాడు పి53

ఇప్పుడు క్యాన్సరు సంగతికి వద్దాం. కణంలో పి53 అనే ప్రోటీను ఉంది. 1979లో దీనిని గుర్తించారు. కణంలోని డి.ఎన్.ఎ. దెబ్బతిన్నప్పుడు పి53 మేల్కొని కణ విభజనను ఆపుతుంది. మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. మరమ్మతు సాధ్యం కాకపోతే ఆ కణాన్ని ఆత్మాహుతికి పురికొల్పుతుంది. దెబ్బతిన్న ఒక్క కణం చనిపోవడం శరీరానికి మేలు. అది బ్రతికి సంతానాన్ని వృద్ధి చేసుకోవడమే ప్రమాదం.

ఇంత శక్తిమంతమైన కావలివాడు ఎల్లవేళలా మేల్కొని ఉంటే ఆరోగ్యంగా ఉన్న కణాలు కూడా బ్రతకలేవు. అందుచేత మామూలు సమయాలలో ఎం.డి.ఎం.2 అనే ఇ3 ఎంజైము పి53కి యుబిక్విటిన్ తగిలిస్తూ, దానిని ఎప్పటికప్పుడు తొలగిస్తూ ఉంటుంది. డి.ఎన్.ఎ.కు దెబ్బ తగలగానే ఈ తొలగింపు ఆగి, పి53 పరిమాణం పెరుగుతుంది. ఎంత సున్నితమైన తూకమో గమనించండి. మానవులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో పి53 జన్యువే చెడిపోయి కనిపిస్తుంది. మరికొన్ని క్యాన్సర్లలో పి53 జన్యువు చక్కగానే ఉంటుంది, ఎం.డి.ఎం.2 మితిమీరి దానిని మాయం చేస్తూ ఉంటుంది.

ఇంటి పనిముట్టుతోనే ఇంటికి కన్నం

గర్భాశయ ముఖ క్యాన్సరుకు కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, క్లుప్తంగా హెచ్.పి.వి. అందులో 16, 18 రకాలను ఈ క్యాన్సరు కణితులలో 1980లలో గుర్తించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ సుర్ హౌజెన్‌కు 2008లో వైద్య నోబెల్ లభించింది. కారణం తెలిసింది కాని, ఇంత చిన్న వైరసు కణాన్ని క్యాన్సరుగా ఎలా మారుస్తుందన్న ప్రశ్న మిగిలింది. దానికి సమాధానం యుబిక్విటిన్ వ్యవస్థలోనే దొరికింది.

హెచ్.పి.వి. తయారు చేసే ప్రోటీన్లలో ఇ6, ఇ7 అనేవి రెండు. పేర్లు ఇంతకు ముందు చెప్పిన ఇ1, ఇ2, ఇ3 ఎంజైముల పేర్లలాగే ఉన్నా వీటికి వాటితో బంధుత్వం లేదు, ఇవి వైరసు సొత్తు. 1990లో అమెరికా శాస్త్రజ్ఞులు ఇ6 సమక్షంలో పి53 శీఘ్రంగా నశించిపోతున్నదని గమనించారు. 1993 నాటికి ఆ రహస్యం పూర్తిగా విడిపోయింది. మన కణంలోనే ఇ6ఏపీ అనే ఇ3 ఎంజైము ఒకటి ఉంది. మామూలుగా అది పి53 జోలికి పోదు. వైరసు ప్రోటీను ఇ6 వచ్చి దాని చేయి పట్టుకుని పి53 దగ్గరకు తీసుకుపోతుంది. అప్పుడు మన ఎంజైమే, మన యుబిక్విటిన్‌తోనే, మన కావలివాడికి మరణ ముద్ర వేస్తుంది. మన ప్రోటియాసోమే అతడిని ముక్కలు చేస్తుంది. కంచే చేను మేయడమంటే ఇదే. రెండవ ప్రోటీను ఇ7 కూడా తక్కువది కాదు. కణ విభజనకు కళ్లెం వేసే ఆర్.బి. అనే మరో రక్షక ప్రోటీనును అదే విధంగా మరొక ఇ3 ఎంజైము ద్వారా పారవేయిస్తుంది. ఒకటి కళ్లెం తెంచుతుంది, మరొకటి కాపలా తీసివేస్తుంది.

1951లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖ కణితి నుంచి తీసిన హీలా కణాలు నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పెరుగుతున్నాయి. వాటిలో ఉన్నది హెచ్.పి.వి. 18. వాటిలో పి53 జన్యువు చెడిపోలేదు, కణం పి53ను తయారు చేస్తూనే ఉంటుంది. ఇ6 దానిని నిలవనీయదు.

ఈ సంగతి తెలిశాక సహజంగా వచ్చే ప్రశ్న ఒకటుంది. అలాగైతే ఆ ఇ6ఏపీని ఆపే మాత్ర తయారు చేయవచ్చు కదా? అది అంత సులభం కాదు. ఇ6ఏపీ మన శరీరానికి కావలసిన ఎంజైము. తల్లి నుంచి సంక్రమించిన ఆ జన్యువు పనిచేయకపోతే బిడ్డకు ఏంజెల్మన్ సిండ్రోమ్ అనే తీవ్రమైన నాడీమండల వ్యాధి వస్తుంది. మాటలు రావు, మూర్ఛలు వస్తాయి, నడక తూలుతుంది. దొంగ వాడుకున్న పనిముట్టు ఇంటికి అవసరమైనదే కనుక దానిని విరిచి పారేయలేము.

యుబిక్విటిన్ పరిశోధన మందులు ఇవ్వలేదని కాదు. ప్రోటియాసోమును ఆపే బోర్టెజోమిబ్ 2003లో అమెరికాలో అనుమతి పొంది, మల్టిపుల్ మైలోమా అనే మూలుగ క్యాన్సరు రోగుల ఆయుష్షును పెంచింది. ఆ క్యాన్సరు కణాలు ప్రతిరక్షక ప్రోటీన్లను విపరీతంగా తయారు చేస్తాయి. చెత్త ఎత్తే యంత్రం ఆగితే వాటి చెత్తే వాటిని చంపుతుంది. లెనలిడోమైడ్ అనే మరో మైలోమా మందు సెరెబ్లాన్ అనే ఇ3 భాగాన్ని మళ్లించి, ఆ క్యాన్సరు కణానికి ఆధారమైన ప్రోటీన్లపై ముద్ర వేయిస్తుంది. వైరసు మనపై ప్రయోగించిన యుక్తినే మనం క్యాన్సరుపై ప్రయోగిస్తున్నామన్నమాట. ఇవి ఘనవిజయాలే. కాని గర్భాశయ ముఖ క్యాన్సరులో ఇ6 పనిని నేరుగా ఆపే మందు ఇంకా వైద్యుని చేతికి రాలేదు. శస్త్రచికిత్స, రేడియేషను, కీమోథెరపీలే నేటికీ ప్రధాన చికిత్సలు. ముదిరిన దశలో వాటి ఫలితం పరిమితం.

టీకాకు, ఈ శాస్త్రానికి సంబంధం

ఇక నా అభిప్రాయానికి వస్తాను. హెచ్.పి.వి. టీకాపై మన ఊళ్లలో వినిపించే సందేహాలలో అధిక భాగం పై విషయం తెలిస్తే తొలగిపోతాయి.

మొదటి సందేహం: టీకాతో వైరసును ఒంట్లోకి ఎక్కిస్తున్నారని. టీకాలో ఉండేది ఎల్1 అనే వైరసు పైపొర ప్రోటీను మాత్రమే. లోపల డి.ఎన్.ఎ. లేదు. ఇ6 లేదు, ఇ7 లేదు. వరి గింజ లోపలి బియ్యం తీసివేసి ఊకను మాత్రమే చల్లితే మొలక రాదు కదా. ఆ పొరను చూసి మన రోగనిరోధక వ్యవస్థ అసలు వైరసును గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. పి53ని నాశనం చేయించే సరంజామా ఏదీ ఆ సూదిమందులో లేదు.

రెండవ సందేహం: పదేళ్ల పిల్లకు ఇప్పటి నుంచే ఎందుకని. హెచ్.పి.వి. దాంపత్య జీవితంలో సంక్రమిస్తుంది. సోకినవారిలో అత్యధికులకు రెండేళ్ల లోపు దానంతట అదే పోతుంది. పోకుండా నిలిచిన కొద్దిమందిలో ఇ6, ఇ7లు ఏళ్ల తరబడి పనిచేసి, సాధారణంగా పది పదిహేనేళ్లకో అంతకు మించిన కాలానికో క్యాన్సరును పుట్టిస్తాయి. వైరసు కణంలో స్థిరపడిన తరువాత టీకా దానిని వెళ్లగొట్టలేదు. తలుపు గడియ దొంగ రాక ముందే వేయాలి. అందుకే 9 నుంచి 14 ఏళ్ల వయస్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. పిల్లకు టీకా వేయిస్తే శీలం మీద అనుమానపడినట్లు కొందరు తల్లిదండ్రులు బాధపడతారు. ధనుర్వాతం టీకా వేయించినవారు బిడ్డ మేకు తొక్కాలని కోరుకుంటారా? వివాహమైన తరువాత భర్త ద్వారా కూడా ఈ వైరసు సోకవచ్చు. ఇందులో స్త్రీ నడవడికి సంబంధించిన ప్రశ్నే లేదు.

మూడవ సందేహం: నిజంగా ఫలితం ఉంటుందా అని. స్వీడన్‌లో 17 ఏళ్ల లోపు టీకా పొందిన స్త్రీలలో ఈ క్యాన్సరు 88 శాతం తగ్గిందని 2020లో ప్రచురితమైంది. స్కాట్లండులో 12, 13 ఏళ్ల వయస్సులో టీకా వేయించుకున్నవారిలో ఒక్క కేసు కూడా కనిపించలేదని 2024లో వెల్లడైంది. భారతదేశంలో 2020లో సుమారు 1,23,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సరు కొత్తగా వచ్చిందని, సుమారు 77,000 మంది మరణించారని అంతర్జాతీయ అంచనా. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన వైద్యులందరికీ ఈ అంకెల వెనుక ఉన్న ముఖాలు తెలుసు. తెల్లబట్ట అవుతున్నదని, ముట్టు ఆగిన తరువాత రక్తం కనిపిస్తున్నదని ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గుపడి, నడుము నొప్పి భరించలేని స్థితిలో వచ్చే తల్లులు వారు. అప్పటికి వ్యాధి మూడవ దశ దాటి ఉంటుంది.

ఖమ్మం నేర్పిన పాఠం

ఇంత మంచి టీకాపై తెలుగునాట ఇంత శంక ఎందుకు ఉన్నదో నిజాయితీగా చెప్పుకోవాలి. 2009లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, 2010 వరకు సాగేలా, పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి ఈ టీకా ఇచ్చారు. గుజరాత్‌లోని వడోదరలోనూ అటువంటి కార్యక్రమమే జరిగింది. ఈ రెండు చోట్ల కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ సంఘం తేల్చలేదు. నీటిలో మునగడం, పాముకాటు, విషం వంటి కారణాలు అందులో ఉన్నాయి. అయితే తల్లిదండ్రుల సమ్మతి తీసుకున్న తీరులో ఘోరమైన లోపాలు బయటపడ్డాయి. వసతిగృహాలలో చదువుకునే గిరిజన బాలికల తరఫున వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుబట్టింది.

టీకా నిర్దోషి. అది ఇచ్చిన విధానం నిర్దోషి కాదు. ఈ రెండు వాక్యాలనూ కలిపి చెప్పే ధైర్యం వైద్యులకు ఉండాలి. మొదటిది మాత్రమే చెప్పేవారిని ప్రజలు నమ్మరు. రెండవది మాత్రమే చెప్పేవారి వలన ఆడపిల్లలు నష్టపోతారు.

ఈ ఉదంతంలో మరొక విచిత్రం ఉంది. అదే కాలంలో దేశంలోని పలు కేంద్రాలలో రెండు మోతాదులను, మూడు మోతాదులను పోల్చే వేరొక అధ్యయనం జరుగుతూ ఉండింది. ఖమ్మం వివాదంతో టీకాల అధ్యయనాలన్నీ ఆగిపోవడంతో అందులోని దాదాపు 5 వేల మంది బాలికలకు ఒక్క మోతాదే అందింది. పరిశోధకులు వారిని వదిలివేయకుండా ఏళ్ల తరబడి గమనించారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం 16, 18 రకాల వైరసు దేహంలో తిష్ఠవేయకుండా ఒక్క మోతాదు కూడా 95 శాతం రక్షణ ఇచ్చింది. అటువంటి ఆధారాలను పరిశీలించిన తరువాతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో 9 నుంచి 20 ఏళ్ల వారికి ఒక్క మోతాదు కూడా చాలునని ప్రకటించింది. పేద దేశాలకు ఖర్చు సగానికి, మూడవ వంతుకు తగ్గింది. మన బిడ్డలు ప్రపంచానికి ఇచ్చిన జ్ఞానం ఇది. దాని ప్రయోజనం మన బిడ్డలకే అందకపోతే అంతకంటే అన్యాయం లేదు.

ఏమి చేయాలి?

2022లో మన దేశంలోనే తయారైన టీకాకు అనుమతి లభించింది. 2024 మధ్యంతర బడ్జెటులో ఆడపిల్లల టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం ప్రకటించింది. టీకా ఉచితంగా, బడి దగ్గరే అందాలి. అది కొనగలిగినవారి బిడ్డల ప్రత్యేక హక్కుగా మిగలరాదు. తల్లిదండ్రులకు వారి భాషలో, గిరిజన గూడేలలో కోయ, గోండి వంటి భాషలలో కూడా వివరించి, ప్రశ్నలు అడగనిచ్చి, వారి సంతకమే తీసుకోవాలి. వార్డెను సంతకం తల్లి సంతకానికి ప్రత్యామ్నాయం కాదు. టీకా తరువాత ఏ చిన్న ఇబ్బంది కలిగినా ఎవరికి చెప్పాలో ముందుగానే కాగితం మీద రాసి ఇవ్వాలి.

టీకా వయస్సు దాటిన తల్లులను మరవరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల భారతీయ స్త్రీలలో ఎప్పుడైనా గర్భాశయ ముఖ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స చేస్తే మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లోనే రుజువైంది. ముంబయి మురికివాడలలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు పలుచని వినెగర్ పూసి కంటితో చూసి చేసే పరీక్షతోనే మరణాలు 31 శాతం తగ్గాయి. ఇందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. దీపం, దూది, నేర్పు గల నర్సు చాలు. టీకా వేయించుకున్నవారు కూడా 30 ఏళ్లు దాటాక ఈ పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే టీకా అన్ని రకాల హెచ్.పి.వి.నీ అడ్డుకోదు.

చివరిగా ఒక హెచ్చరిక. ‘కణాలను శుభ్రం చేస్తాం’, ‘విషాలు తీసివేస్తాం’ అని ఈ మధ్య పొడులు, కషాయాలు అమ్మేవారు ఎక్కువయ్యారు. మీ కణాలలో శుద్ధి చేసే యంత్రం మీరు పుట్టక ముందు నుంచే పనిచేస్తున్నది. ఏ ప్రోటీనుకు ముద్ర వేయాలో తెలిసిన 600 ఇ3 ఎంజైములకు సాటిరాగల పొడి ఏదీ అంగళ్లలో దొరకదు. ఆ డబ్బుతో ఇంట్లోని ఆడపిల్లకు టీకా, తల్లికి పరీక్ష చేయించండి.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని పెద్దలు అన్నారు. హెచ్.పి.వి. కణంలో చేరి మన ఎంజైమునే చేతబట్టుకున్న తరువాత దాని పరిస్థితి అంతే, పట్టడం కష్టం. వాకిట్లో ఉండగానే ఆపడం తేలిక. ఆ పనికి కావలసిన సాధనం మన దేశంలోనే తయారవుతున్నది. మీ ఇంట 9 ఏళ్లు నిండిన ఆడపిల్ల ఉంటే ఈ వారంలోనే మీకు నమ్మకమున్న వైద్యుని అడగండి. సందేహాలన్నీ అడగండి. సమాధానం చెప్పడం వైద్యుని విధి.